వారానికోసారి మగ్గం చుట్టూ: మీ కాలనీలో నేత గ్రూప్ మొదలుపెట్టి నడపడం ఎలా

నేత నేర్చుకోవాలనుంది, లేసు అల్లేవాళ్ళు ఒకరిద్దరు పక్క బ్లాకులో ఉన్నారు, ఇంకొకావిడకి రాట్నం అంటే ఇష్టం, అందరం వారానికోసారి కలుద్దామనుకుంటున్నాం కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ఎవరైనా అలా అడిగితే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో ఇలాంటి గ్రూప్ నడపడంలో నేనూ ఒక చెయ్యి వేస్తుంటా కాబట్టి ఏది నిలబడుతుందో ఏది నిలబడదో కొంచెం తెలుసు, అదంతా వరసగా రాస్తున్నా, మీ ఊరికి మీ మనుషులకి తగ్గట్టు మార్చుకోండి.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పేస్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, ఎప్పుడూ ఎక్కి ఉండాలి. తలుపు తీసుకుని లోపలికి వచ్చిన మనిషి ఐదు నిమిషాల్లో నాడె (అడ్డం దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళేది) చేతికి తీసుకునేలా ఉండాలి. పడుగు లేని మగ్గం పెట్టుకుని కలిస్తే ఏమవుతుందంటే మొదటివారం కబుర్లు, రెండోవారం కబుర్లు టీ, మూడోవారం సగంమంది రారు, నాలుగోవారానికి గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు మాత్రమే మిగులుతాయి. చేతికి పనుంటే మనుషులు వస్తారు, మాటలు వాటంతటవే వస్తాయి.

మొదట మనుషులు, చోటు, టైమ్

ఆరుగురు చాలు మొదలుపెట్టడానికి. పది పన్నెండుమంది దాటితే ఒక మగ్గానికి కష్టం, అందరికీ వంతు రాదు. రోజు, టైమ్ ఒకసారి ఫిక్స్ చేశాక మార్చొద్దు, ఆదివారం పది నుంచి పన్నెండు అంటే పండగైనా వానైనా ఆదివారం పది నుంచి పన్నెండే, ఇద్దరే వచ్చినా తలుపు తియ్యాలి. ఈ వారం శనివారం పెట్టుకుందామా, వచ్చేవారం సాయంత్రానికి మారుద్దామా అని ఓటింగ్ మొదలైందంటే ఆ గ్రూప్ ఎక్కువకాలం ఉండదు.

చోటు విషయానికొస్తే అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్, గుడి పక్కన ఉండే కల్యాణమండపం గది, స్కూల్లో సెలవురోజు ఖాళీగా ఉండే క్లాస్‌రూమ్, గ్రంథాలయంలో పక్కగది, ఏదైనా పర్లేదు కానీ మగ్గాన్ని అక్కడే వదిలి తాళం వేసుకునేలా ఉండాలి. ప్రతివారం విప్పి మోసుకెళ్ళే మగ్గం మీద పడుగు నిలవదు, బిగువు పోతుంది. గ్రౌండ్ ఫ్లోర్ అయితే మంచిది, ఎందుకంటే పేక, అంటే అడ్డం పోగు, కొట్టిన ప్రతిసారీ చప్పుడు కింది ఇంటివాళ్ళ నెత్తిన పడుతుంది, తప్పకపోతే మగ్గం కాళ్ళ కింద మందపాటి రబ్బర్ మ్యాట్ వేసి ముందుగానే కిందింటివాళ్ళతో మాట్లాడండి. పగటి వెలుతురు పడే కిటికీ ఉందా లేదా చూసుకోండి, తెగిన పోగు వెతకాలంటే ట్యూబ్‌లైట్ చాలదు.

మగ్గం కొనేముందు అట్టముక్క

ఇది చాలామంది దాటేసే స్టెప్. ఉత్సాహంగా డబ్బులు పోగేసి మగ్గం తెచ్చేసుకుంటారు, పడుగంటే ఏంటో పేకంటే ఏంటో చేతికి తెలీకుండానే. మొదటి రెండు మూడు వారాలు అట్టముక్క మీద నేయండి. మందపాటి కార్టన్ అట్ట, ఒక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు, పైనా కిందా అర సెంటీమీటరుకొకటి చిన్న గాటు పెట్టండి. గట్టి నూలు దారం ఆ గాట్లలో పైకీ కిందకీ చుట్టుకుంటూ పోతే అదే పడుగు. పేకకి పాత కాటన్ చీర చింపిన పీలికలు వాడండి, దబ్బనంతో ఒక పోగు పైనుంచి ఒక పోగు కిందనుంచి దూర్చుకుంటూ వెళ్ళి, ఇంట్లో పాత దువ్వెన ఉంటే దాంతో కిందకి కొట్టండి. మొదటి రోజే చేతిలో ఒక చిన్న చాపలాంటి గుడ్డ వస్తుంది, వంకరగా ఉంటుంది, పర్లేదు, అది పట్టుకుని ఇంటికెళ్ళిన మనిషి వచ్చేవారం తప్పకుండా వస్తుంది.

ఈ అట్టముక్క మీదే ఒక విషయం అందరికీ తెలిసిపోతుంది, గుడ్డ నడుం సన్నబడటం. కింద 20 సెంటీమీటర్లుగా మొదలైన గుడ్డ పైకొచ్చేసరికి 16 అవుతుంది. పేకని తిన్నగా బిగించి లాగడం వల్ల వస్తుంది ఇది. పేకని కొంచెం ఏటవాలుగా, వదులుగా వేసి అప్పుడు కొడితే ఆ ఎక్కువ దారం పోగుల మధ్య కిందకీ పైకీ వంగడానికి సరిపోతుంది, అంచు లోపలికి రాదు. ఇది మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు, అట్టముక్క మీద రెండుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది, తర్వాత మగ్గం మీద కూర్చున్నప్పుడు ఈ పాఠం బోలెడంత నూలు మిగులుస్తుంది.

ఇక మగ్గం. గ్రూప్‌కి నా ఓటు డిజైన్ కాలేజీల్లో వాడే శాంపిల్ మగ్గానికి, 24 అంగుళాల వెడల్పుది. చోటుంటే పూర్తి ఫ్రేమ్ మగ్గం ఇంకా మంచిది, కనీసం ఎనిమిదడుగులకి ఎనిమిదడుగుల చోటు వదలండి, చుట్టూ మనుషులు నిలబడాలి కదా. నేత ఊళ్ళల్లో పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోయి అటక మీద విప్పి పెట్టేసిన మగ్గాలు చాలానే ఉన్నాయి, అడిగితే ఇస్తారు, కానీ కొన్నవాళ్ళు ఆ మగ్గం బిగించగలిగిన వడ్రంగిని కూడా అదే ఊరినుంచి పిలిపించుకోవాలి, మన ఫర్నిచర్ కార్పెంటర్ వల్ల అయ్యే పని కాదది. నేలలో గుంట తవ్వి బిగించే గుంటమగ్గం సంగతి అపార్ట్‌మెంట్లో మర్చిపోండి, సొంత ఇల్లు, మట్టినేల ఉన్నవాళ్ళు మాత్రం ఆలోచించండి, నేలలోని చెమ్మ వల్ల పోగు తక్కువ తెగుతుంది.

నూలు కొనడం, నంబర్ల సంగతి

నూలు షాపుకి వెళ్తే 20, 40, 2/20, 2/40, 80 అని అడుగుతారు, తెల్లమొహం వెయ్యాల్సిన పనిలేదు. 840 గజాల లడిలు (లడి అంటే నూలు చుట్ట) ఒక పౌండు బరువుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్ని తూగితే అదే నంబరు. 20 లడిలు తూగితే 20 నంబరు, 100 తూగితే 100 నంబరు, అంటే నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. 2/20 అంటే 20 నంబరు పోగులు రెండు కలిపి పురిపెట్టింది. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, 2/20తో మొదలుపెట్టండి. గట్టిగా ఉంటుంది, గంజి పెట్టక్కర్లేదు, గ్రాముకి దాదాపు 17 మీటర్లు వస్తుంది. ఒంటి పోగు నూలు పడుగుకి కావాలంటే గంజి తప్పనిసరి, అది వేరే విద్య, ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కడ దొరుకుతుందంటే చీరాల, మంగళగిరి, పోచంపల్లి లాంటి చోట్ల నూలు వ్యాపారులు, నేత సొసైటీలు ఉంటాయి, బండిల్ మొత్తం కొనకుండా నాలుగైదు లడిలు అడగండి, ఇస్తారు. నూలు లడిగా వస్తుంది, దానికి అడ్డంగా అక్కడక్కడ చిన్న దారంతో కట్లు వేసి ఉంటాయి, వాటిని ఇంటికి రాగానే కత్తిరించకండి. కుర్చీ వీపుకో ఇంకొకరి రెండు చేతులకో లడి తొడిగి బిగువుగా నిలబెట్టాక అప్పుడు కట్లు కొయ్యండి, లేకపోతే లడి మొత్తం చిక్కుపడి ఆ రోజంతా దాంతోనే సరి. గ్రూప్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదే మొదటి పని ఇవ్వండి, ఒకరు లడి చేతులకి తొడుక్కుని కూర్చోవాలి, ఇంకొకరు ఉండ చుట్టాలి, ఎదురెదురుగా కూర్చుని చేసే పని కాబట్టి పేర్లు, ఊళ్ళు, పిల్లలు అన్నీ అరగంటలో తెలిసిపోతాయి, ఆ తర్వాత అక్కా, పిన్నీ అని పిల్చుకోవడమే.

అందరికీ ఒకే పడుగు

ఇప్పుడు అసలు సంగతి. ఒక్కొక్కరికీ ఒక్కో పడుగు ఎక్కిస్తే ఏడాదిలో నేసేదానికంటే ఎక్కించేదే ఎక్కువవుతుంది. అందరికీ కలిపి ఒక పొడుగాటి పడుగు ఎక్కించండి, వరసగా ఒకరి తర్వాత ఒకరు ఒక్కో చేతి తువ్వాలు నేసుకుంటారు, పేక రంగు ఎవరిష్టం వాళ్ళది.

లెక్క ఇలా వేసుకోండి. వెడల్పు 16 అంగుళాలు, అంగుళానికి 32 పోగులు, మొత్తం 512 పోగులు. పొడవు 8 మీటర్లు. 512ని 8తో గుణిస్తే 4,096 మీటర్లు, గ్రాముకి 17 మీటర్ల చొప్పున దాదాపు 240 గ్రాములు, అంటే పావుకిలో తెచ్చుకుంటే పడుగుకి సరి. పేకకి కూడా ఇంచుమించు పావుకిలో పట్టుకోండి. ఈ 8 మీటర్లలో మొదట్లో కట్టడానికి చివర్లో మిగిలిపోవడానికి ముప్పావు మీటరు దాకా పోతుంది, నేసేటప్పుడు పోగులు వంగడం వల్ల ఇంకో పదోవంతు పోతుంది, పోగా మిగిలినదాంట్లో 60 సెంటీమీటర్ల తువ్వాళ్ళు పది వస్తాయి.

ఒక తువ్వాలుకి అంగుళానికి 28 పేకల చొప్పున 660 దాకా పేకలు పడతాయి, కొత్త చెయ్యి నిమిషానికి పది పన్నెండు వేస్తుంది అనుకున్నా గంట, మధ్యలో తెగినవి అతకడం, కండె (నాడెలో పెట్టే పేక దారపు గొట్టం) మార్చుకోవడం, పక్కనున్నవాళ్ళు చెప్పేది వినడం అన్నీ కలిపి రెండు గంటలు. అంటే ఒక ఆదివారం ఒక మనిషి ఒక తువ్వాలు. పదిమంది, పది ఆదివారాలు, ఒక పడుగు. ఈ లెక్క కుదిరాక గ్రూప్ నడపడం చాలా తేలికైపోతుంది, ఎవరి వంతు ఎప్పుడో రెండున్నర నెలల ముందే గోడ మీద రాసి పెట్టేయొచ్చు.

ఇంకొకటి, మగ్గం మీద కూర్చున్న మనిషి పక్కన ఒక సాయం మనిషి తప్పనిసరిగా ఉండాలి, వచ్చేవారం వంతు ఎవరిదో వాళ్ళే ఈ వారం సాయం. కండెలు చుట్టి అందించడం, తెగిన పోగు కనిపెట్టడం, కొలత చూడటం వాళ్ళ పని. అలా చూస్తూ సగం నేర్చేసుకుంటారు, వాళ్ళ వారం వచ్చేసరికి భయం పోతుంది. నేర్పేవాళ్ళు ఆసులో కండెలా అందరి మధ్యా తిరగాల్సిన అవసరం కూడా తగ్గిపోతుంది.

పోగు తెగినప్పుడు

తెగుతుంది, కంగారుపడొద్దు. ముందు నేయడం ఆపాలి, తెగిన పోగుని అలాగే వదిలేసి ఇంకో అంగుళం నేసేస్తే అది పక్క పోగులకి చుట్టుకుని ఇంకో రెండు తెగుతాయి. అదే రంగు దారం ఒక మూర ముక్క తీసుకుని మగ్గం వెనకవైపు తెగిన కొనకి ముడెయ్యండి, దాన్ని అదే దారిలో అచ్చులోంచి (పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి చట్రం) ముందుకి తీసుకురండి, పక్క పోగులు ఎంత బిగువుగా ఉన్నాయో అంతే బిగువుగా లాగి, నేసిన గుడ్డలో ఒక గుండుసూది అడ్డంగా గుచ్చి దానికి ఎనిమిదిలా చుట్టేయండి. ఒక రెండంగుళాలు నేశాక సూది తీసేయొచ్చు, మిగిలిన కొన గుడ్డ ఉతికాక కత్తిరించుకోవచ్చు. అచ్చులో వేరే సందులోంచి దూర్చారంటే గుడ్డ పొడవునా గీత పడుతుంది, అందుకే ఆ పోగు దారి ఇద్దరు చూడాలి, నేసేవాళ్ళు ఒకసారి, సాయం మనిషి ఒకసారి.

ఎండాకాలంలో తెగడం ఎక్కువ, నూలుకి తడి తగిలితేనే బలం. ఏప్రిల్ మే నెలల్లో ఫ్యాన్ కింద, ఏసీలో నేస్తుంటే పోగులు పెళుసుగా అయిపోతాయి. ఫ్యాన్ గాలి మగ్గం మీద నేరుగా పడకుండా చూసుకోండి, మగ్గం కింద తడి గోనెసంచి పరవండి, పేక కండెల్ని తడిపిన గుడ్డలో చుట్టి పెట్టుకోండి.

భుజాలు, నడుం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అరగంటకోసారి లేచి నడవాలి, బల్ల ఎత్తు మోచేతులు మగ్గం అంచుకంటే కొంచెం పైన ఉండేలా పెట్టుకోవాలి. ఇది చిన్న విషయం కాదు, ఆలేరు దగ్గర శారాజీపేటలో ఆసు పోసి పోసి, అంటే చీర దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు అటూ ఇటూ తిప్పి తిప్పి, తల్లి లక్ష్మి గారి భుజాలు నొప్పులు పుడుతుంటే చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నేత ఇళ్ళల్లో ఒంటినొప్పి ఎంత మామూలైపోయిందో తెలిస్తే మనం సరదాకి చేసే రెండు గంటల్లో కూడా దాన్ని తేలిగ్గా తీసుకోం.

మగ్గం ఒకరిది, మిగతావాళ్ళేం చెయ్యాలి

మగ్గం మీద ఇద్దరు, మిగతా ఎనిమిదిమంది చుట్టూ కూర్చుని ఏదో ఒక దారం పని చెయ్యాలి. ఇక్కడ ఎవరికి ఏది వస్తే అది. పశ్చిమ గోదావరి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఎవరైనా మీ కాలనీలో ఉంటే అడిగి చూడండి, నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లని ఇల్లు వెతకాల్సిందే, ఆవిడ క్రోషా సూది పట్టుకుంటే చూపు అటు లేకుండానే వేళ్ళు అల్లేస్తుంటాయి. అలాంటివాళ్ళు నాకేం వచ్చమ్మా అని వెనకుంటారు, వాళ్ళని ముందు కూర్చోబెట్టండి. ఉన్ని స్వెట్టర్లు అల్లేవాళ్ళు, చిరిగిన గుడ్డకి రఫ్ఫు చేసేవాళ్ళు, మాక్రమే ముడులు వేసే కాలేజీ పిల్లలు, అందరికీ చోటుంది.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం తకిలీ మూల, తకిలీ అంటే చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు. తకిలీ చిన్నది, బ్యాగ్‌లో పడుతుంది, మగ్గం వంతు కోసం చూసేవాళ్ళకి ఇంతకంటే మంచి పని లేదు. ఏకులు, అంటే వడకడానికి సిద్ధంచేసిన దూది చుట్టలు, ఖాదీ సంస్థల దగ్గర అడిగితే దొరుకుతాయి. ఎలా వడకాలంటే, తకిలీ కొన చిన్న గిన్నెలోనో కొబ్బరిచిప్పలోనో ఆనించండి, కొక్కేనికి ఒక జానెడు దారం ముందే కట్టి ఉంచండి, ఆ దారం కొసని ఏకులోని దూదికి ఆనించి కుడిచేత్తో తకిలీని తిప్పండి, పురి ఎక్కుతూ దూదిని పట్టుకుంటుంది, అప్పుడు ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేపండి. అసలు కిటుకు ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉంది. ఏకుని నొక్కి పట్టుకుంటే పురి వేళ్ళ దగ్గరే ఆగిపోయి పైన దూది అలాగే ఉండిపోతుంది, చెయ్యి లేపగానే తెగిపోతుంది. మరీ వదిలేస్తే పురి ఏకులోకి పాకేసి ముద్ద కడుతుంది. దూది జారుతోంది అని వేళ్ళకి తెలిసేంత మాత్రం పట్టు ఉండాలి. మొదట్లో లావు సన్నం లావు సన్నంగా వస్తుంది, దాన్ని పారేయకండి, తువ్వాలులో నాలుగు పేకలుగా వేసి చూడండి ఎంత బాగుంటుందో.

వడకడం పట్టుబడ్డాక పొందూరు ఖద్దరు ముక్క ఒకటి తెచ్చి అందరి చేతికీ ఇవ్వండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, ఆ సన్నటి పళ్ళ మధ్య దూది పోగులన్నీ ఒక వరసకొస్తాయి, తర్వాత చేత్తో వడికి 100 నంబరు దాకా తీస్తారు. తకిలీ మీద ఒక మూర దారం తీయడానికి చెమటలు పట్టిన మనిషికి ఆ గుడ్డ ముట్టుకుంటే దాని వెనకున్న చెయ్యి ఎలాంటిదో అర్థమవుతుంది, షోరూమ్‌లో ధర చీటీ చూసి అర్థమయ్యేది కాదు అది.

గొర్రె ఉన్ని మీద ఆసక్తి ఉన్నవాళ్ళుంటే దక్కనీ నల్ల ఉన్ని తెచ్చుకోండి, గొంగళ్ళు నేసేది దాంతోనే, ముతకగా ఉంటుంది కాబట్టి వడకడం నూలు కంటే తేలిక, చింతపిక్కల గంజి పెట్టి పడుగు గట్టిపరుస్తారు.

నేతన్నని పిలిచేటప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు మీకు నిజమైన నేతగాడి చెయ్యి కావాలి, కనీసం మొదటి పడుగు ఎక్కించడానికి. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్తున్నా, ఊరికే రమ్మని పిలవకండి. నేతపని చాలాచోట్ల మజూరీ లెక్కన నడుస్తుంది, చీరకి ఇంత అని, ఆయన ఒక రోజు మగ్గం దిగి మీ దగ్గరకొస్తే ఆ రోజు కూలి పోయినట్టే, ఇంట్లో కండెలు చుట్టే ఆవిడ పని కూడా ఆగుతుంది. అందుకే రోజు మజూరీకి రెట్టింపు, రానుపోను చార్జీలు, భోజనం ముందే మాట్లాడుకోండి, డబ్బు కవర్లో పెట్టి వెళ్ళేటప్పుడు కాకుండా వచ్చిన వెంటనే ఇచ్చేయండి. వీలైతే భార్యాభర్తలిద్దర్నీ పిలవండి, పడుగు పోయడం, కండె చుట్టడం, అచ్చు అతకడం (పాత పడుగు పోగులకి కొత్తవి కలపడం) గురించి ఆవిడకే ఎక్కువ తెలిసి ఉంటుంది, ఆవిడక్కూడా విడిగా డబ్బివ్వండి.

వచ్చినాయన చెప్పే పేర్లు మీ పుస్తకంలో పేర్లు ఒకటి కాకపోవచ్చు, ఒక్కో ఊర్లో ఒక్కో మాట, ఆయన మాటే రాసుకోండి. వీడియో తీయాలనుకుంటే ముందు అడగండి.

పడుగు అయిపోవచ్చినప్పుడు

ఏడో తువ్వాలు నడుస్తున్నప్పుడే తర్వాతి పడుగు పోయడం మొదలుపెట్టాలి. గోడకి మేకులు కొట్టిన చట్రం మీద ఇద్దరు కలిసి పోయండి, ఒకరు దారం తిప్పుతారు, ఇంకొకరు లెక్క చూస్తారు. ఒక చివర పోగులు అటొకటి ఇటొకటి కత్తెర పడేలా తిప్పాలి, ఆ కత్తెర వల్లే 512 పోగులూ వరస తప్పకుండా ఉంటాయి. చట్రం మీంచి తీసేముందు ఆ కత్తెర దగ్గర రంగుదారంతో నాలుగువైపులా కట్టెయ్యండి. ఇది మర్చిపోతే పడుగు మొత్తం పనికిరాకుండా పోతుంది, కాబట్టి చట్రం మీదే ఒక కాగితం అంటించి పెద్దక్షరాలతో రాయండి, కట్టు వేశారా అని.

పదో తువ్వాలు అయ్యాక గుడ్డ కోసుకునేటప్పుడు అచ్చులో ఉన్న పాత పోగుల్ని లాగేయకండి. వాటిని అలాగే ఉంచి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి అతకండి, దీన్నే అచ్చు అతకడం అంటారు. మళ్ళీ 512 పోగులు అచ్చులోంచి ఒక్కొక్కటే దూర్చే పని తప్పుతుంది, వరస కూడా మారదు. నేత ఇళ్ళల్లో వేళ్ళకి కొంచెం బూడిద అద్దుకుని ముడి లేకుండా ఒక్క మెలికతో అతికేస్తారు, చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. మనం మామూలు ముడే వేసుకుందాం, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఒక ఆదివారంలో అయిపోతుంది. అన్నీ అతికాక ముడులు ఒక్కొక్క గుప్పెడు చొప్పున మెల్లగా అచ్చు దాటించండి, ఒకేసారి లాగితే చిక్కుకుంటాయి.

డబ్బుల సంగతి

నెలకి మనిషికి 200 పెట్టుకోండి, నూలు, కండెలు, నేతన్న మజూరీ, మగ్గానికి చిన్నచిన్న రిపేర్లు అన్నీ అందులోనే. లెక్కలు ఒకరు రాయాలి, ఇంకొకరి దగ్గర డబ్బుండాలి. ఇవ్వలేనివాళ్ళ దగ్గర తీసుకోకండి, వాళ్ళు లడి చుడతారు, గది ఊడుస్తారు, అదీ చందానే, ఎవరు ఇచ్చారు ఎవరు ఇవ్వలేదు అన్నది బోర్డు మీద రాయొద్దు. మొదటి ఏడాది అమ్మకాల జోలికి పోవద్దని నా సలహా. నేసినవి ఇంట్లో వాడుకోండి, పెళ్ళికో గృహప్రవేశానికో ఇవ్వండి. అమ్మకం మొదలుపెడితే ఎవరి తువ్వాలు బాగుంది ఎవరిది బాలేదు అన్న మాటలు వస్తాయి, వంకర అంచు నేసిన మనిషి మెల్లగా రావడం మానేస్తుంది.

రంగుల రోజు

మూడు నెలలకోసారి మగ్గం పక్కనపెట్టి రంగు వేసుకోండి, డాబా మీద అయితే బాగుంటుంది. పావుకిలో నూలుకి కొలతలు చెప్తా. ముందు బట్టల సోడా వేసిన నీళ్ళలో గంటసేపు ఉడకబెట్టి బాగా జాడించాలి, నూలుకున్న మైనం పోకపోతే రంగు పట్టదు. తర్వాత 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పిండి, 40 గ్రాముల పటిక కరిగించిన గోరువెచ్చటి నీళ్ళలో రెండు గంటలు ఉంచాలి. ఇంకో గిన్నెలో పావుకిలో ఉల్లిపొట్టు ఉడకబెట్టి వడగట్టి ఆ నీళ్ళలో నూలు వేసి ముప్పావుగంట సన్నమంట మీద ఉంచితే చక్కటి బంగారు గోధుమరంగు వస్తుంది. ఉల్లిపొట్టు బదులు బంతిపూలైతే పసుపు, దసరా అయ్యాక గుమ్మాలకి కట్టినవి పోగేసి ఎండబెట్టుకోండి, కాలనీ మొత్తం ఇస్తారు. కరక్కాయ నూలుకి తుప్పు మేకుల నీళ్ళు తగిలితే నల్లబడుతుంది, కావాలని చేస్తే అదీ బాగుంటుంది. వంటగిన్నెలు మాత్రం వాడొద్దు, రంగు గిన్నెలు, గరిటెలు వేరుగా పెట్టుకోండి, పిల్లలు ఉంటే పటిక నీళ్ళు అందనంత ఎత్తులో ఉంచండి.

నీలిమందు మొదటి ఏడాది వద్దు. తొట్టి పులియబెట్టడం రోజూ చూసుకోవాల్సిన పని, వారానికోసారి కలిసే గ్రూప్‌కి కుదరదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి రెండు మాటలు

అమెరికాలో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు. మీ ఊరి లైబ్రరీలో మీటింగ్ రూమ్ అడగండి, చాలాచోట్ల డబ్బులు తీసుకోరు, కానీ మగ్గం అక్కడ వదలనివ్వరు కాబట్టి మీకు మడతపెట్టే చిన్న మగ్గమే గతి. చుట్టుపక్కల వీవర్స్ గిల్డ్, అంటే నేసేవాళ్ళ సంఘం, ఉందేమో చూడండి, ఉంటే సొంతంగా గ్రూప్ పెట్టేముందు అందులో కొన్నాళ్ళు కూర్చోండి, వాళ్ళ దగ్గర మగ్గాలు, పుస్తకాలు, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉంటాయి, మీరు ఇక్కడినుంచి తీసుకెళ్ళిన తకిలీ చూపిస్తే చుట్టూ మూగుతారు.

ఏడాదికోసారి నేత ఊరికి

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 1905లో అదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి 2015 నుంచి ఆ రోజున జరుపుతున్నారు. ఆ వారం మీ తువ్వాళ్ళన్నీ హాల్లో తాడు కట్టి వేలాడదీయండి, కాలనీవాళ్ళని పిలవండి, కొత్తవాళ్ళు చేరేది ఎక్కువగా అప్పుడే. నేత ఊరికి ప్రయాణం మాత్రం ఆ వారం పెట్టుకోకండి, అక్కడ సభలు, సన్మానాలు, హడావిడి, నేసే చేతుల్ని తీరిగ్గా చూడలేరు. మామూలు పనిరోజు పొద్దున్నే వెళ్ళండి. హైదరాబాద్ వాళ్ళకి పోచంపల్లి దగ్గర, విజయవాడ గుంటూరు వాళ్ళకి మంగళగిరి, శ్రీకాకుళం విజయనగరం వైపు వాళ్ళకి పొందూరు. పదిమంది ఒకే ఇంట్లోకి దూరిపోకుండా ముగ్గురు నలుగురుగా విడిపోండి. నేసే మనిషిని ఆపి ప్రశ్నలు అడగొద్దు, ఆయనే మగ్గం ఆపి తలెత్తినప్పుడు అడగండి. మగ్గం మీదున్న డిజైన్ ఫొటో తీసుకోవచ్చా అని ఇంటివాళ్ళనే అడగండి, వద్దంటే వద్దు, ఆ డిజైన్ ఇంకా మార్కెట్‌కి వెళ్ళనిది, మాస్టర్ వీవర్‌ది (నూలు, డిజైన్ ఇచ్చి నేయించుకునే ఆయన) అయ్యుండొచ్చు, అది బయటికి పోతే మాట పడేది నేసినాయనే. కొనాలనుకుంటే ఆ ఇంట్లోనే ఏదైనా అమ్మకానికి ఉందేమో ముందు అడగండి, చెప్పిన ధర ఇచ్చి బిల్లు కాగితం లేకపోయినా నేసినాయన పేరు, ఊరు, నూలు నంబరు ఒక చీటీ మీద ఆయన చేతే రాయించుకుని గుడ్డతోపాటు దాచుకోండి.